డిస్క్ గోల్ఫ్: అందరి ఆటా, లీగా, టోర్నమెంటా? పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వారికి ఒక ఎంపిక సలహా

ఒడిశా సరిహద్దులోని మన ఊళ్ళలో, అంటే పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వంటి చోట్ల, డిస్క్ గోల్ఫ్ మొదలుపెట్టాలనుకునే బడి గాని, కళాశాల గాని, యువజన సంఘం గాని అన్నిటికంటే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. చేతిలో ఉన్న కొద్దిపాటి డబ్బును, నలుగురైదుగురు కార్యకర్తల ఓపికను అందరూ వచ్చి ఆడుకునే వారపు కార్యక్రమం మీద పెట్టాలా, లేక విభాగాలు, నియమావళి, బహుమతులు ఉన్న పోటీ మీద పెట్టాలా? రెండూ చేయగలిగితే మంచిదే గాని, మొదటి ఏడాదిలో రెంటికీ సరిపడా మనుషులు దొరకడం కష్టం. ఈ రెంటినీ, వీటి నడుమ ఉన్న లీగు పద్ధతినీ పక్కపక్కన పెట్టి, ఎవరికి ఏది నప్పుతుందో ఇక్కడ వివరిస్తాను. నా అభిప్రాయం ముందే చెబుతున్నాను: మన ఊళ్ళకు మొదట కావలసింది హ్యాండిక్యాప్ లెక్కతో, అంటే ఆటగాడి సగటును బట్టి కొన్ని విసుర్లు తగ్గించే లెక్కతో, నడిచే చిన్న వారపు లీగు. అంతర్జాతీయ గుర్తింపు ఉన్న టోర్నమెంటు ఆ తరువాతి మాట.

ఆట సంగతి

ఆట తెలియనివారి కోసం కొద్దిగా చెప్పాలి. బంతికి, కర్రకు బదులు ఇందులో చేతితో విసిరే డిస్కు ఉంటుంది; గుంతకు బదులు గొలుసులు వేలాడే ఇనుప బుట్ట ఉంటుంది. టీ అనే గుర్తు పెట్టిన చోటు నుంచి మొదటి విసురు విసిరి, డిస్కు ఎక్కడ ఆగితే అక్కడి నుంచి మళ్ళీ విసురుతూ, అది బుట్టలో పడేదాకా వెళ్ళాలి. టీ నుంచి బుట్టదాకా ఉన్న ఒక్కో దారిని హోల్ అంటారు, హోల్స్ అన్నీ కలిసిన ఆట స్థలాన్ని కోర్సు అంటారు. అన్ని హోల్స్ పూర్తయ్యేసరికి ఎవరి విసుర్లు తక్కువైతే వారిదే గెలుపు. బుట్టకు 10 మీటర్ల లోపలి నుంచి విసిరేటప్పుడు మాత్రం ఒక అదనపు కట్టుబాటు ఉంది: డిస్కు వదిలాక ఉన్నచోటనే నిలకడగా నిలబడాలి, ఊపు మీద ముందుకు తూలి అడుగు వేయకూడదు. డిస్కు హద్దు దాటితే ఒక విసురు శిక్షగా కలుస్తుంది. కనిపించని డిస్కు కోసం వెతకడానికి 3 నిమిషాలే గడువు.

మొట్టమొదటి శాశ్వత కోర్సు 1975లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, ఓక్ గ్రోవ్ పార్కులో ఏర్పడింది. దాన్ని రూపొందించిన ఎడ్ హెడ్రిక్ 1976లో ఆటగాళ్ళ సంఘమైన పీడీజీఏను స్థాపించారు, 1977లో గొలుసుల బుట్టకు పేటెంటు పొందారు. ఈ వరుసలో మనం గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆ మొదటి కోర్సులో ముందు ఉన్నవి బుట్టలు కావు, మామూలు స్తంభాలు. నేలలో పాతిన గుంజకు రంగు గుడ్డ కట్టి, డిస్కు దానికి తగిలితే హోల్ పూర్తయినట్టు లెక్క పెట్టుకుంటే ఆట ఏమాత్రం చెడదు. కాబట్టి బుట్టలు కొనడానికి డబ్బు లేదన్న కారణంతో ఏ బడీ ఆగిపోనక్కరలేదు.

డిస్కు విషయంలో మాత్రం రాజీ పడకూడదు. జాతరలో అమ్మే ప్లాస్టిక్ పళ్ళెం వేరు, ఈ ఆట డిస్కు వేరు. నియమాల ప్రకారం ఈ డిస్కు వ్యాసం 21 సెంటీమీటర్లకు తగ్గకూడదు, బరువు వ్యాసంలో ప్రతి సెంటీమీటరుకు 8.3 గ్రాములకు మించకూడదు, మొత్తం మీద 200 గ్రాములు దాటకూడదు. దూరం వెళ్ళే డ్రైవర్లనే డిస్కుల అంచు సన్నగా, గట్టిగా ఉంటుంది. అలాంటిది వేగంగా వచ్చి తగిలితే గట్టి దెబ్బే తగులుతుంది. ఈ జాగ్రత్త కింద చెప్పబోయే మూడు పద్ధతులకూ వర్తిస్తుంది.

అందరి ఆట: ఏమి ఇస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది

సామూహిక కార్యక్రమమంటే వారంలో ఒక రోజు, ఒకే వేళకు, ఒకే మైదానంలో, రుసుము లేకుండా, డిస్కులు అక్కడే అరువిచ్చి, వచ్చినవారినల్లా ఆడించడం. ప్రపంచంలో ఈ ఆట పెరిగింది ప్రధానంగా ఈ దారిలోనే. యూడిస్క్ అనే యాప్‌లో నమోదైన కోర్సులు 15,000కు పైగా ఉన్నాయి, వాటిలో అత్యధికం ఎవరైనా ఉచితంగా ఆడుకోగలిగినవి. అమెరికాలో పట్టణ పార్కులు, ఫిన్లాండులో స్థానిక పురపాలక సంస్థలు ఈ కోర్సులకు చోటిచ్చాయి. ముందు నడకకు వచ్చినట్టు జనం వచ్చారు, పోటీలు ఆ జనంలోంచి పుట్టాయి.

మన ఊళ్ళలో దీనికి ఇంకో బలం ఉంది. పర్లాకిమిడి, గుణుపురం ప్రాంతంలో ఒక మైదానంలో ఇరవైమంది పిల్లలు చేరితే, ఇంట్లో తెలుగు మాట్లాడేవారు, ఒడియా మాట్లాడేవారు, హాస్టల్లో ఉండి చదువుకునే సవర పిల్లలు కలిసే ఉంటారు. తెలుగు పిల్లల్లో చాలామంది చదువు ఒడియా మాధ్యమంలో సాగుతుంది కాబట్టి, ఇంటి మాట తెలుగే అయినా తెలుగు అక్షరాలు అందరికీ రావు. డిస్క్ గోల్ఫ్‌కు భాషతో పని తక్కువ, చూపించి నేర్పితే చాలు. నోటీసు మాత్రం రెండు లిపులలోనూ పెట్టడం మర్యాద, అవసరం కూడా.

నేర్పడం ఎక్కడ మొదలుపెడుతున్నామన్నది చాలా ముఖ్యం. మొదటి రోజే టీ దగ్గర నిలబెట్టి దూరం విసరమంటే పిల్లలు బలం చూపించబోతారు, డిస్కు ముందు అంచు పైకి లేస్తుంది, అది గాలిలో లేచి నిలిచిపోయి, కుడిచేతి వాటం వారికైతే ఎడమ వైపుకు జారిపడుతుంది. దానికి బదులు బుట్టకు రెండు మీటర్ల దూరంలో నిలబెట్టండి. బొటనవేలు డిస్కు పైన, మిగిలిన వేళ్ళు అంచు కింద ఉండాలి. మోచేయి కొద్దిగా వంచి, చేతికంటిన నీళ్ళు విదిలించినట్టు మణికట్టును విదిలిస్తూ వదిలితే, డిస్కు తిరుగుతూ వెళ్ళి గొలుసులకు తగిలి ఘల్లుమని బుట్టలో పడుతుంది. ఆ చప్పుడు విన్నాక రెండో డిస్కు కోసం చేయి చాపని పిల్లవాణ్ణి నేను చూడలేదు. మూడుసార్లు వరుసగా పడితే ఒక అడుగు వెనక్కి, మళ్ళీ మూడు పడితే ఇంకో అడుగు వెనక్కి జరపాలి. ఇలా సాగితే గంటలోపే, కండబలం లేని పిల్ల కూడా బలమైన కుర్రవాడితో సమానంగా నిలవగలదని అందరూ కళ్ళారా చూస్తారు. కార్యక్రమం నిలబడడానికి ఇంతకు మించిన ప్రచారం అక్కరలేదు.

అయితే ఈ పద్ధతికి ఒక లోపం ఉంది, దాన్ని దాచకూడదు. కొన్ని వారాలు గడిచేసరికి బాగా ఆడగలిగినవారికి విసుగు పుడుతుంది. పదహారు మొదలు ఇరవై రెండేళ్ళ వయసువారికి గురి కావాలి, నిన్నటికంటే నేడు మెరుగుపడ్డామన్న లెక్క కావాలి. ఆ రెండూ లేకపోతే వారు క్రికెట్‌కు తిరిగి వెళ్ళిపోతారు. వారు వెళ్ళిపోతే బుట్టలు మోసేవారు, చిన్నపిల్లలకు నేర్పేవారు కూడా వెళ్ళిపోయినట్టే. నిజానికి సామూహిక కార్యక్రమం ఖర్చంతా డిస్కుల మీద, బుట్టల మీద పడదు. ప్రతి ఆదివారం ఉదయం ఆరుగంటలకు వచ్చి గది తాళం తీసే మనిషి మీద పడుతుంది. ఆ మనిషి ఎవరో పేరు పెట్టి చెప్పలేని సంఘం ఈ పద్ధతి జోలికి వెళ్ళకపోవడమే మేలు.

ఒక్కరోజు టోర్నమెంటు

దసరాకో సంక్రాంతికో షామియానా వేసి, మైకు పెట్టి, ముఖ్య అతిథిని పిలిచి కప్పు ఇప్పించే క్రికెట్, కబడ్డీ టోర్నమెంట్లు మన ఊళ్ళకు బాగా అలవాటు. డిస్క్ గోల్ఫ్‌ను కూడా అలాగే మొదలుపెడదామని కుర్రవాళ్ళు అనడం సహజం. చందాలు త్వరగా వస్తాయి, జనం చేరతారు, విలేకరులు వస్తారు. వీటిని నేను చిన్నచూపు చూడను. ఊళ్ళో కొత్త ఆటకు పేరు రావడానికి ఒక రోజు సందడి అవసరమే.

కాని ఈ ఆట తీరు అందుకు అంతగా అనుకూలించదు. తొమ్మిది హోల్స్ ఉన్న కోర్సులో, హోల్‌కు నలుగురి చొప్పున అందరూ ఒకేసారి మొదలుపెట్టినా ఒక విడతకు ముప్పయ్యారుగురే ఆడగలరు. ఎన్నడూ డిస్కు పట్టనివారు ఒక్కో హోల్‌కు ఆరేడు విసుర్లు తీసుకుంటారు, వెనకవారు ఎండలో నిలబడతారు. అంతకంటే పెద్ద సమస్య ప్రేక్షకులది. క్రికెట్‌లో బౌండరీ గీత బయట నిలబడే అలవాటు జనానికి ఉంది. ఇక్కడ ఆట మైదానమంతా పరుచుకుని ఉంటుంది, డిస్కు ఏ వైపు నుంచి వస్తుందో కొత్తవారికి తెలియదు. ఇక గెలిచేది ఎవరంటే, ముందే డిస్కులు తెప్పించుకుని సాధన చేసిన ఒకరిద్దరు. మిగిలినవారు ఈ ఆట తమది కాదనుకుని ఇళ్ళకు వెళతారు.

పండగ రోజున ఏదో ఒకటి చేయాలని ఉంటే పూర్తి టోర్నమెంటుకు బదులు పట్టింగ్ పోటీ, అంటే దగ్గర నుంచి బుట్టలోకి విసిరే పోటీ, పెట్టండి. ఒక మూలలో రెండు బుట్టలు ఉంచి, 3, 5, 8, 10 మీటర్ల దగ్గర సున్నంతో గీతలు గీయాలి. ఒక్కొక్కరికి ఒక్కో గీత దగ్గర మూడేసి డిస్కులు ఇచ్చి, దూరం పెరిగేకొద్దీ ఎక్కువ పాయింట్లు ఇవ్వాలి. జనమంతా విసిరేవారి వెనకే నిలబడతారు కాబట్టి ప్రమాదం ఉండదు, తాతలు, మనవరాళ్ళు ఒకే వరుసలో ఆడగలరు, వందమందినైనా ఒక పూటలో ఆడించవచ్చు. వచ్చినవారి పేరు, ఫోను నంబరు రాసుకుంటే మరుసటి ఆదివారం లీగుకు మనుషులు అక్కడే దొరుకుతారు.

గుర్తింపు పొందిన పోటీ

పీడీజీఏ గుర్తింపుతో జరిగే టోర్నమెంట్లకు ఏ, బీ, సీ అనే శ్రేణులున్నాయి, పైన మేజర్లనే పెద్ద పోటీలు ఉన్నాయి, కింద వారాల తరబడి సాగే లీగులకూ గుర్తింపు తీసుకునే వీలుంది. నిర్వాహకుడు ఆ సంఘంలో సభ్యుడై, నియమాల పరీక్ష పాసై ఉండాలి. డిస్కులు ఆమోదిత జాబితాలోనివే వాడాలి, బుట్టలకూ కొలతలున్నాయి. సభ్యత్వం, రుసుములు డాలర్లలో లెక్కపడతాయి. ఇంత శ్రమకు ప్రతిఫలంగా ఆటగాడికి దొరికేది రేటింగు, అంటే అతని ఆట స్థాయిని చెప్పే అంకె. 1000 రేటింగు అంటే చాలా పై స్థాయి ఆట. ఈ అంకె ఉంటే గుణుపురంలో ఆడినవాడు తన ఆటను హెల్సింకీలో ఆడినవాడి ఆటతో పోల్చి చూసుకోగలడు.

ఇక్కడ నిర్వాహకులు ముందే అర్థం చేసుకోవలసిన మెలిక ఒకటుంది. ఒక రౌండు రేటింగును కేవలం విసుర్ల సంఖ్యను బట్టి లెక్కకట్టరు. అదే కోర్సు మీద, అదే రౌండులో, ఇప్పటికే రేటింగు స్థిరపడిన ఆటగాళ్ళు ఎంత ఆడారో చూసి, దానితో పోల్చి మిగిలినవారి అంకె తేలుస్తారు. మన ఊళ్ళో అందరూ కొత్తవారే అయితే పోల్చడానికి ఆధారమే ఉండదు. అంటే బయటి ఊళ్ళ నుంచి రేటింగు ఉన్న ఆటగాళ్ళు కొందరు వచ్చి ఆడితే గాని, ఎంతో ఖర్చుపెట్టి తెచ్చుకున్న గుర్తింపు వల్ల మన పిల్లలకు కలిగే లాభం అంతంత మాత్రమే. ఈ ఒక్క కారణం చాలు, మొదటి ఏడాది గుర్తింపు పోటీ వద్దనడానికి.

గుర్తింపు పోటీల నుంచి డబ్బు ఖర్చు లేకుండా తెచ్చుకోవలసింది మాత్రం చాలా ఉంది. ఈ ఆటలో సాధారణంగా ప్రతి బృందం వెంటా అంపైరు ఉండడు. బృందంలోని ఆటగాళ్ళే ఒకరి తప్పు ఒకరు చెప్పుకోవాలి, తన తప్పు తానే ఒప్పుకోవాలి. వంతు వచ్చాక 30 సెకన్లలో విసరాలి. ఆలస్యంగా వచ్చినవారికి తప్పిపోయిన ప్రతి హోల్‌కు పార్ (ఆ హోల్‌కు నిర్ణయించిన విసుర్ల సంఖ్య) మీద 4 విసుర్లు కలుపుతారు. స్కోరు కార్డులో లెక్క తప్పు ఇస్తే రెండు విసుర్ల శిక్ష పడుతుంది. ఈ నియమాలను వారపు లీగులో మొదటి రోజు నుంచే పాటిస్తే, తరువాత పెద్ద పోటీకి వెళ్ళిన పిల్లలు బెదరరు.

పోటీలు ఆడే కుర్రవాళ్ళ తల్లిదండ్రులు నన్ను అడిగేది ఎక్కువగా ఉద్యోగం గురించే. ఎగిరే డిస్కు ఆటల ప్రపంచ సమాఖ్యకు 2015లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘం పూర్తి గుర్తింపు ఇచ్చింది. అయినా డిస్క్ గోల్ఫ్ ఇంతవరకు ఒలింపిక్స్‌లో లేదు. కాబట్టి క్రీడా కోటా ఉద్యోగమో, కళాశాలలో సీటో వస్తుందని ఆశ చూపి పిల్లలను చేర్చుకోవడం తగదు. ఆరోగ్యం, ఏకాగ్రత, స్నేహాలు చాలుననుకునే ఇంటివారు తప్పకుండా పంపుతారు.

నడిమి మార్గం: హ్యాండిక్యాప్ లీగు

అందరి ఆటలో గురి లేదు. టోర్నమెంటులో కొత్తవారికి చోటు లేదు. ఈ రెండు లోటులనూ ఒకేసారి తీర్చేది హ్యాండిక్యాప్ లీగు. ఎనిమిదో పదో ఆదివారాలను ఒక సీజనుగా పెట్టుకుని, ప్రతివారం తొమ్మిది హోల్స్ ఆడి, ఆటగాడి సగటును బట్టి అతనికి కొన్ని విసుర్లు తగ్గించి లెక్కవేస్తారు.

ఒక లెక్క చూపిస్తాను. ప్రతి హోల్ పార్ 3 అయితే కోర్సు పార్ 27. తొమ్మిదో తరగతి అమ్మాయి సగటు 41 అనుకుందాం, అంటే పార్ మీద 14 ఎక్కువ. ఇంజనీరింగు కుర్రవాడి సగటు 30, అంటే 3 ఎక్కువ. ఈ తేడాను పూర్తిగా కాక 80 శాతం ఇవ్వడం మంచి పద్ధతి, ఎందుకంటే నైపుణ్యానికి కొంత విలువ మిగలాలి. అప్పుడు అమ్మాయికి 11, కుర్రవాడికి 2 తగ్గుతాయి. ఆ ఆదివారం అమ్మాయి 38 ఆడింది, కుర్రవాడు 29 ఆడాడు. తగ్గింపులు పోగా ఇద్దరికీ 27. మైదానంలో తొమ్మిది విసుర్ల తేడా ఉన్న ఇద్దరూ పట్టికలో సమానంగా నిలిచారు, ఎందుకంటే అమ్మాయి తన సగటు కంటే మూడు విసుర్లు మెరుగ్గా ఆడింది, కుర్రవాడు ఒక్కటే. ఎవరు ఎంత బాగా ఆడారన్నదానికి బదులు ఎవరు ఎంత మెరుగుపడ్డారన్నది ఇక్కడ లెక్కకు వస్తుంది.

దీనిలో మోసానికి తావున్న చోటు కూడా చెప్పాలి. కావాలని ఒకటి రెండు వారాలు పేలవంగా ఆడి, సగటు పెంచుకుని, చివరి వారం చెలరేగేవారు ఉంటారు. అందుకే సగటు కట్టేటప్పుడు చివరి నాలుగు రౌండ్లలో మెరుగైన రెండింటినే తీసుకోవాలి. ఒకటి రెండు చెడ్డ రౌండ్లు లెక్కలోకి రావు కాబట్టి చెడుగా ఆడి లాభం పొందే వీలు బాగా తగ్గుతుంది. లెక్కంతా ఒక నోటు పుస్తకంలో, అందరూ చూసేలా రాయాలి. యాప్‌లు ఉన్నాయి, మంచివే, కాని ఫోను లేని పిల్లలకు తమ అంకె తాము చూసుకునే హక్కు ఆ పుస్తకమే ఇస్తుంది.

లీగులో నాలుగైదు వారాలకొకసారి జంటల ఆట పెట్టాలి. చీటీలు తీసి, బాగా ఆడేవారిలో ఒకరిని, కొత్తవారిలో ఒకరిని కలపాలి. ఇద్దరూ విసిరి, రెండింటిలో మంచిచోట పడ్డ డిస్కు దగ్గరి నుంచి ఇద్దరూ మళ్ళీ విసరాలి. కొత్తవారు వేసిన ఒక్క మంచి పట్ జంట మొత్తాన్ని గెలిపించగలదు. పాశ్చాత్య దేశాల క్లబ్బుల్లో ఇంకో అలవాటు ఉంది: సభ్యులందరికీ అంకెలు చెక్కిన బిళ్ళలు ఇచ్చి, కలిసి ఆడిన ప్రతిసారీ తక్కువ స్కోరు వచ్చినవారు తక్కువ అంకె బిళ్ళ తీసుకుంటారు. డబ్బు పందెం లేకుండానే పోటీ వేడి ఉంటుంది. బిళ్ళలు చెక్కించడం మన ఊళ్ళో ఏ వడ్రంగికైనా చిన్న పనే.

లీగు కుదుటపడితే రెండు ఊళ్ళను కలపడం కష్టం కాదు. నౌపడా నుంచి గుణుపురం వెళ్ళే రైలు పర్లాకిమిడి మీదుగానే వెళుతుంది. నెలకొక ఆదివారం ఒక ఊరివారు రెండో ఊరికి వెళ్ళి ఆడితే, తెలియని కోర్సు మీద ఆడే అనుభవం, టోర్నమెంటు రుచి రెండూ దొరుకుతాయి. పెద్ద షామియానా అవసరమే ఉండదు.

ఎవరికి ఏది

ఉన్నత పాఠశాలలకు నా సలహా సూటిగా ఉంటుంది. వ్యాయామం పీరియడులో పీఈటీ మాస్టారు పట్టింగ్‌తో మొదలుపెట్టాలి, తరగతుల మధ్య జంటల ఆట పెట్టాలి, వ్యక్తిగత బహుమతుల పోటీని ఏడాది చివరిదాకా వాయిదా వేయాలి. పిల్లలకు 150 గ్రాముల లోపు తేలిక డిస్కులు తెప్పించాలి. ఎదురుగా మనిషి ఉండగా విసరకూడదన్న నియమం ఒక్కదాన్ని మాత్రం మొదటి రోజు నుంచే కఠినంగా అమలు చేయాలి.

గుణుపురం, పర్లాకిమిడి, రాయగడలలోని ఇంజనీరింగు, డిగ్రీ కళాశాలల విద్యార్థులకు లీగే సరైనది, రెండో ఏడాది నుంచి గుర్తింపు పోటీ వైపు చూడవచ్చు. వీరికి ప్రయాణం చేసే వయసు, నియమాలు చదివే ఓపిక ఉన్నాయి. వీరిలో ఇద్దరు నియమాల పరీక్ష పాసైతే ఊరికంతటికీ ఆధారమవుతారు. సెలవులకు అందరూ ఊళ్ళకు వెళ్ళిపోతారు కాబట్టి తాళాలు, నోటు పుస్తకం మాత్రం విద్యార్థుల చేతిలో కాక ఊళ్ళో స్థిరంగా ఉండేవారి చేతిలో ఉండాలి.

ఉదయపు నడకకు వచ్చే విశ్రాంత ఉద్యోగులకు స్కోరే అక్కరలేదు. నలుగురు కలిసి తొమ్మిది హోల్స్ తిరిగితే గంట నడక అవుతుంది. పోటీ కావాలనుకున్న రోజున వయసును బట్టి విభాగాలుంటాయి; పీడీజీఏ 40 ఏళ్ళ నుంచి పైకి వయసును బట్టి వేర్వేరు విభాగాలు చేసింది.

ఆడపిల్లల విషయంలో మాత్రం కొంత ఆగి ఆలోచించాలి. అందరూ రావచ్చునని నోటీసు పెట్టినంత మాత్రాన వారు రారు. మైదానం మగపిల్లలదన్న భావన మన ఊళ్ళలో బలంగా ఉంది. మొదటి రెండు నెలలు వారికి వేరే ఉదయం, వేరే శిక్షకురాలు ఉండి, పట్టింగ్ మీద గట్టి పట్టు వచ్చాక జంటల ఆటతో కలిపితే నిలబడతారు. పీడీజీఏ 2012 నుంచి ప్రపంచవ్యాప్తంగా ఒకే రోజుల్లో అనేక ఊళ్ళలో కేవలం మహిళల కోసం పోటీలు నడిపింది. ఊరూరా చిన్నచిన్నగా జరిగి ఒకే పట్టికలో చేరే ఆ పద్ధతి మనకూ పనికొస్తుంది. లీగు హ్యాండిక్యాప్ పట్టిక ఒకటే ఉంచాలి, ఆడపిల్లలకు వేరే పట్టిక వద్దు. పై లెక్కలో చూసినట్టు, ఆ పట్టికలో వారు పై వరుసకు చేరడానికి ఎవరి దయా అక్కరలేదు.

మైదానం, కాలం, సామాను

బడి మైదానమైతే ప్రధానోపాధ్యాయుని రాతపూర్వక అనుమతి, పురపాలక సంఘం స్థలమైతే వారి అనుమతి తీసుకోవాలి. అటవీ భూమి వైపు అనుమతి లేకుండా వెళ్ళవద్దు. చిన్న కోర్సుకు హోల్‌కు అర ఎకరం చొప్పున ఉన్నా సరిపోతుంది, దూరాలు 45 నుంచి 75 మీటర్ల మధ్య ఉంటే కొత్తవారికి బాగుంటుంది. చెట్లకు మేకులు కొట్టకూడదు. జీడి, మామిడి తోపుల్లో ఆట అందంగా ఉంటుంది, వంగిన జీడికొమ్మ కింద నుంచి డిస్కును పంపడం ఒక విద్య. కాని పూత మొదలైన నాటి నుంచి కోత అయ్యేదాకా తోటల్లోకి వెళ్ళకూడదు. రైతుకు కోపం తెప్పించిన ఆట ఆ ఊళ్ళో మళ్ళీ మొలవదు.

కాలం విషయంలో నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా మనకు మంచి సీజను. అక్టోబరులో తుపాను భయం ఉంటుంది. 2018 అక్టోబరులో తిత్లీ గజపతి జిల్లాను ఎంత దెబ్బతీసిందో మనందరికీ తెలుసు. కాబట్టి లీగు ప్రారంభాన్ని కార్తీకంలోకి జరపడం క్షేమం. వేసవిలో ఆడేవారు ఉదయం ఎనిమిదింటికల్లా ముగించాలి. వానాకాలంలో గడ్డి పెరిగిన చోట డిస్కు వెతకడానికి చేయి పెట్టకూడదు, కర్రతో గడ్డి తొలగించి చూశాకే తీయాలి.

డిస్కుల మీద ముద్రించే నాలుగు అంకెలు వరుసగా వేగం, గాలిలో తేలే గుణం, మొదట్లో తిరిగే తీరు, చివర్లో వాలే తీరు చెబుతాయి. కొత్తవారికి వేగం అంకె 2 నుంచి 5 లోపు ఉన్నవే కావాలి: దగ్గరి విసుర్లకు ఇన్నోవా ఏవియార్ వంటి ఒక పట్టర్, మధ్య దూరానికి డిస్‌క్రాఫ్ట్ బజ్ వంటి ఒక మిడ్‌రేంజ్. 12 వేగం డ్రైవరు కొత్త చేతిలో దూరం వెళ్ళదు, పొదలోకి వెళుతుంది. రంగు నారింజో గులాబీయో ఎంచుకోండి, ఆకుపచ్చ డిస్కు వానాకాలపు గడ్డిలో దొరకదు. బుట్టలను ఊళ్ళోని వెల్డింగు షాపులో చేయించుకోవచ్చు. నేల నుంచి బుట్ట అంచు ఎత్తు సుమారు 82 సెంటీమీటర్లు ఉండేలా చూడండి, గొలుసులు మరీ పలచగా ఉంటే డిస్కు దూసుకుపోతుంది.

గుర్తింపు పోటీకి ఎప్పుడు సిద్ధమైనట్టు అన్న ప్రశ్నకు నేను చూసే గుర్తులు ఇవి. పండగ కాని, బహుమతి లేని మామూలు ఆదివారం ఇరవైమంది ఆడడానికి రావాలి, వారిలో కనీసం ఐదారుగురు ఆడవారై ఉండాలి. నియమాలు క్షుణ్ణంగా తెలిసినవారు ముగ్గురుండాలి. విశాఖపట్నం వైపు నుంచో, అల్టిమేట్ ఫ్రిస్బీ వల్ల డిస్కు ఆటలు పరిచయమున్న చెన్నై, బెంగుళూరు వైపు నుంచో రేటింగు ఉన్న ఆటగాళ్ళు కొందరు వస్తామని మాట ఇచ్చి ఉండాలి. ఈ మూడూ కుదిరిన చలికాలం సీ శ్రేణి పోటీకి దరఖాస్తు పెట్టండి. కుదరకపోతే ఆ రుసుముల డబ్బుతో ఇంకో రెండు బుట్టలు చేయించి, పక్క ఊరి బడికి ఒకటి ఇవ్వండి.